పెద్దతల ఈగలో కొత్త జాతి దొరికిందా? వల దగ్గర నుంచి పేరు పెట్టేదాకా ఏం చేయాలి

సెప్టెంబరు ఆఖర్లో వంశధార కాలవ కింద ఏ వరి పొలం గట్టు మీదైనా ఉదయం ఎనిమిది గంటలకి ఓ పావుగంట కదలకుండా కూర్చోండి. ముందు తూనీగలు కనిపిస్తాయి, తర్వాత సాలీళ్ళు, కళ్ళు అలవాటు పడ్డాక దుబ్బుల మధ్య గాలిలో ఒకేచోట నిలబడి ఉన్న చిన్న నల్ల ఈగ, బియ్యపు గింజంత కూడా ఉండదు. క్షణం ఆగుతుంది, పక్కకి జరుగుతుంది, ఆకు అంచు దగ్గరికి వెళ్ళి మళ్ళీ ఆగుతుంది. పట్టి భూతద్దం కింద పెడితే ముందు కనిపించేది గుండ్రటి తల, ఆ తల దాదాపు అంతా కళ్ళే. ఇదే పెద్దతల ఈగ. కుటుంబం పేరు పైపన్‌క్యులిడే. ప్రపంచం మొత్తం మీద 1400కి పైగా జాతులకి పేర్లు ఉన్నాయి. పేరు లేనివి ఇంకా ఉన్నాయి, అలాంటిదొకటి మన శ్రీకాకుళం, విజయనగరం పొలాల్లో మీ వలలోనే పడవచ్చు.

పడితే ఏం చేయాలన్నదే ఈ వ్యాసం. ఒక మాట ముందే చెప్తాను. పొలంలో దొరికింది కొత్త జాతి కాదు, కొత్తదేమో అన్న అనుమానం మాత్రమే. ఆ అనుమానం జాతిగా మారేది బల్ల దగ్గర, ఇదివరకు తెలిసిన ప్రతి దగ్గరి బంధువుతో పోల్చి చూశాక. అందుకే వల గురించి కొంచెమే చెప్తాను, పోలిక గురించి ఎక్కువ చెప్తాను.

ముందు ఈగ బతుకు తెలుసుకోండి

ఇది తెలియకపోతే ఎక్కడ వెతకాలో కూడా తెలియదు. పెద్దతల ఈగల లార్వాలు వేరే పురుగు కడుపులో పెరుగుతాయి. ఎక్కువ శాతం జాతులకి ఆ పురుగు దీపపు పురుగో దోమపోటు దోమ లాంటిదో, అంటే ఆకు రసం పీల్చి గెంతే రకం. చాలా జాతుల్లో ఆడ ఈగ ఆ పురుగు పిల్లని కాళ్ళతో పట్టుకుని గాలిలోకి లేచి, ఎగురుతూనే సూది లాంటి అండనిక్షేపకంతో దాని ఒంట్లో గుడ్డు పెట్టి వదిలేస్తుంది. అంత పెద్ద కళ్ళు ఎందుకు కావాలో ఇప్పుడు అర్థమవుతుంది కదా, ఆకుల మధ్య దాక్కున్న మిల్లీమీటర్ల పురుగుని ఎగురుతూ వెతకాలి మరి. లార్వా లోపలే పెరిగి, పూర్తిగా ఎదిగాక పొట్ట మడతల దగ్గర చీల్చుకుని బయటికి వచ్చి మట్టిలోనో రాలిన ఆకుల్లోనో ప్యూపాగా మారుతుంది. ఆ పురుగు చచ్చిపోతుంది. నెఫ్రోసిరస్ అనే ప్రజాతి మాత్రం వేరు, పొడుగు కాళ్ళ క్రేన్ ఈగల మీద బతుకుతుంది.

వరి రైతుకి ఇది చిన్న విషయం కాదు. పచ్చ దీపపు పురుగు టుంగ్రో తెగులు వైరస్‌ని ఒక దుబ్బు నుంచి ఇంకో దుబ్బుకి మోస్తుంది. దాన్ని లోపలి నుంచి తినేసే ఈగలు టోమోస్వర్యెల్లా ప్రజాతిలో ఉన్నాయని ఆసియా వరి పొలాల్లో ఎప్పుడో గమనించారు. ఏ ఈగ ఏ పురుగుని తింటుందో చెప్పాలంటే ముందు ఆ ఈగకి పేరుండాలి. పేరు లేని ప్రాణి గురించి ఇద్దరు మాట్లాడుకోవడం కూడా కష్టం.

పట్టడం, చంపడం, చీటీ రాయడం

వల గుడ్డ మెత్తగా, కన్ను సన్నగా ఉండాలి. వరిలో ఆకుల పైభాగం తగిలేలా అటూ ఇటూ ఊపుతూ నడవండి, పదిసార్లు ఊపాక వల మూతి మడిచి, లోపలున్న ఈగల్ని పీల్చే గొట్టంతో ఏరుకోండి. పసుపు రంగు ప్లాస్టిక్ పళ్ళేల్లో సబ్బు నీళ్ళు పోసి గట్టు మీద పెట్టినా పడతాయి. తోటల్లో, అడవి అంచుల్లో అయితే మెలేజ్ ట్రాప్ అనే గుడారం లాంటి వల మేలు. వరి ఒక్కటే చూడకండి. విజయనగరం వైపు మామిడి తోటల్లో పూత సమయానికి తేనెమంచు పురుగు దండిగా ఉంటుంది, అదీ గెంతే రకమే. సోంపేట బీల (చిత్తడి నేల) గడ్డి, ఉద్దానం కొబ్బరి తోటల కింద పెరిగే కలుపు, మందస వైపు కొండవాలు, ఇవన్నీ చూడాల్సినవే. అడవిలో పట్టాలంటే అటవీ శాఖ అనుమతి ముందే తీసుకోండి, పట్టాక అడిగితే పని జరగదు.

గాలిలో నిలబడేవన్నీ ఇవే అనుకోవద్దు. సిర్ఫిడ్ ఈగలు కూడా అలాగే నిలబడతాయి, అవి పువ్వుల దగ్గర ఎక్కువ, చాలావాటి పొట్ట మీద పసుపు పట్టీలు ఉంటాయి. రెక్క చూస్తే ఇంకా స్పష్టం: సిర్ఫిడ్ రెక్క మధ్యలో దేనికీ అతకని ఒక దొంగ ఈనె ఉంటుంది, పెద్దతల ఈగకి ఉండదు.

పొలంలోకి దిగే ముందు రైతుతో మాట్లాడండి. గట్టు మీద ఒక పెద్దాయన నన్ను అడిగాడు, "ఏటి బాబూ, మా సేలో ఈగలు పడతన్నావు, పురుగెక్కువైపోనాదేటి?" అని. "లేదు మావయ్యా, ఈ ఈగ పురుగుని తినేది, ఇది ఉంటే మీకే మంచిది" అన్నాక కూర్చోబెట్టి ఆ సీజన్‌లో ఏ మందు ఏ తారీఖున కొట్టాడో అంతా చెప్పాడు. ఆ వివరం నా నోట్‌బుక్‌లో ఉంది, చాలా పనికొచ్చింది. మందు కొట్టిన వారానికి ఆ పొలంలో ఈగ దొరకలేదంటే, అసలు లేదని అర్థం కాదు కదా.

చంపడానికి ఇథైల్ ఎసిటేట్ వేసిన సీసా గానీ, డీప్ ఫ్రిజ్ గానీ వాడండి. కొన్నిటిని డి.ఎన్.ఏ. కోసం 95 శాతం ఆల్కహాల్‌లో వేయండి, మిగతావి పొడిగా. ఇక్కడ నేను మొదటి సంవత్సరం పెద్ద తప్పు చేశాను. అన్నీ ఆల్కహాల్‌లో వేసి, నెల తర్వాత తీసి అలాగే గాలికి ఆరబెట్టాను, కళ్ళన్నీ లోపలికి నొక్కుకుపోయాయి, తలలు ఎండిన రేగుపళ్ళలా అయిపోయాయి. మొహం వెడల్పు, కళ్ళ మధ్య దూరం, ఏదీ కొలవలేకపోయాను. ఆ సీజన్ అంతా పోయింది. ఆల్కహాల్ నుంచి తీసిన వాటిని హెచ్.ఎం.డి.ఎస్. అనే ద్రావణంలో ముంచి ఆరబెట్టాలి, లేదా క్రిటికల్ పాయింట్ డ్రయ్యర్ ఉన్న ల్యాబ్‌కి తీసుకెళ్ళాలి. హెచ్.ఎం.డి.ఎస్. ఆవిరి మంచిది కాదు, ఫ్యూమ్ హుడ్ కిందే వాడండి, ఇంట్లో వద్దు.

చీటీ గురించి గట్టిగా చెప్తున్నాను. ఊరు, మండలం, జిల్లా, అక్షాంశ రేఖాంశాలు, ఎత్తు, తేదీ, ఎలా పట్టారు, ఎవరు పట్టారు, ఇవన్నీ అదే రోజు రాయాలి. జిల్లా పేరు ఒక్కటే రాస్తే చాలదు, మన ప్రాంతమే అందుకు ఉదాహరణ. 1950కి ముందు శ్రీకాకుళం జిల్లానే లేదు, 1979కి ముందు విజయనగరం జిల్లా లేదు, 2022 ఏప్రిల్‌లో రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వెళ్ళింది, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్ళింది. వంద సంవత్సరాల తర్వాత మీ ఈగ దొరికిన గట్టుని వెతుక్కుంటూ వచ్చేవాడికి ఊరి పేరూ ఆ అంకెలే దారి చూపిస్తాయి.

పురుగు నుంచి పెంచితే వచ్చే లాభం

వల కన్నా ఇదే మంచి దారి అని నా అభిప్రాయం. పొట్ట ఉబ్బి, మందకొడిగా గెంతే దీపపు పురుగుల్ని ఏరండి. గాజు గొట్టంలోనో ప్లాస్టిక్ డబ్బాలోనో అడుగున తడి ఇసుక, పైన రెండు వరి నారు మొక్కలు పెట్టి వాటిని వదలండి, మూతికి సన్న గుడ్డ కట్టండి. ఒక్కో డబ్బాకి ఒక్కో పురుగే. లార్వా బయటికి వచ్చి ఇసుకలోకి దూరుతుంది, ప్యూపా అవుతుంది, ఓపికగా రోజూ చూస్తూ ఇసుక ఎండకుండా చూసుకుంటే ఈగ వస్తుంది. రాగానే చంపకండి, రెక్కలూ రంగూ గట్టిపడేదాకా ఒక రోజు ఆగండి. ఈగ, ఖాళీ ప్యూపా పెంకు, చచ్చిన పురుగు, మూడింటినీ ఒకే నంబరు కింద దాచండి. ఏ ఈగ ఏ పురుగులోంచి వచ్చిందో ఆ ఒక్క డబ్బా చెప్తుంది, వలలో పడ్డ వంద ఈగలు కూడా ఆ మాట చెప్పలేవు.

మగ ఈగ కావాలి, దాని పొట్ట చివర కావాలి

పెద్దతల ఈగల్లో బయటి రూపం చూసి జాతి తేల్చడం చాలాసార్లు కుదరదు. చాలావరకు నల్లగా, బూడిద పూసినట్టు, 2 నుంచి 12 మిల్లీమీటర్ల లోపు ఉంటాయి. తేడా ఉండేది మగ ఈగ జననాంగాల్లో. మగదో ఆడదో చెప్పడం తేలిక, ఆడదానికి పొట్ట చివర పొడుచుకొచ్చిన సూది ఉంటుంది, చాలా జాతుల్లో మగవాటి కళ్ళు నుదుటి మీద ఒకదానికొకటి తగులుతాయి, ఆడవాటిలో తగలవు.

పని ఇలా. సన్న సూదులతో మగ ఈగ పొట్ట చివరి భాగం విడదీయండి, మొదటిసారి అయితే మామూలు జాతి మీద పదిసార్లు చేసి చెయ్యి కుదిరాకే అసలుదాని మీదికి రండి. దాన్ని 10 శాతం కాస్టిక్ పొటాష్ ద్రావణంలో రాత్రంతా ఉంచండి. మెత్తటి కండ అంతా కరిగి గట్టి భాగాలే మిగులుతాయి. కొందరు తొందరగా అవ్వాలని వేడి చేస్తారు, నిమిషం ఎక్కువైతే అన్నీ పారదర్శకమై గీతలు కనబడవు, అందుకే నేను చల్లగానే చేస్తాను. తర్వాత ఒక చుక్క ఎసిటిక్ ఆమ్లం కలిపిన నీళ్ళలో కడిగి, గ్లిసరిన్‌లో పెట్టి చూడండి.

చూడాల్సినవి: ఎనిమిదో ఖండం ఆకారం, దాని చివర పొర ఎంత మేర ఉందో, పట్టుకునే రెండు సర్‌స్టైలస్ ముక్కలు, అవి ఒకేలా ఉన్నాయా, ఎడమ కుడి తేడా ఉందా, పై నుంచీ పక్క నుంచీ ఎలా కనబడుతున్నాయి, పురుషాంగం ఎన్ని పాయలుగా చీలిందో, దాన్ని నడిపే గైడ్ ఆకారం, వీర్యం నెట్టే చిన్న గొడుగు లాంటి ఎపోడీమ్. ప్రతిదాన్నీ ఒకే కోణంలో పెట్టి గీయండి. కోణం కొంచెం మారితే ఆకారం మారిపోతుంది, ఒకే ఈగని రెండు కోణాల్లో చూసి రెండు జాతులనుకోవడం చాలా తేలిక. పని అయ్యాక ఆ ముక్కని గ్లిసరిన్ ఉన్న బుల్లి సీసాలో పెట్టి ఈగ ఉన్న సూదికే గుచ్చండి. విడిగా పెడితే ఎప్పటికైనా తప్పిపోతుంది.

బయటి లక్షణాలూ వదలకూడదు. రెక్క పొడవు, రెక్క అంచు మీద నల్ల మచ్చ ఉందా లేదా (టోమోస్వర్యెల్లాలో ఉండదు), స్పర్శశృంగం మూడో భాగం కొస ఎంత సన్నం, కాళ్ళలో పసుపు ఎంత నలుపు ఎంత, తొడ కింద ముళ్ళు, వీపు మీద బూడిద పొడి ఏ వరుసలో ఉంది. రెక్క మధ్యలో ఈనెల నడుమ ఉండే డిస్కల్ గది మూసుకోకపోతే అది కాలారస్ అనే ప్రజాతి కావచ్చు, అప్పుడు వెతకాల్సిన పుస్తకాలే వేరు.

ఇది నిజంగా కొత్తదేనా?

ఎక్కువ కాలం పట్టేది ఇక్కడే, పట్టాలి కూడా. మన దేశానికి మొదటి పెద్ద ఆధారం 1923లో వచ్చిన బ్రిటిష్ ఇండియా జంతుజాల గ్రంథమాలలోని ద్విరెక్క కీటకాల మూడో సంపుటం. రాసినది ఎన్రికో బ్రునెట్టి. వృత్తికి సంగీతకారుడు, కోల్‌కతాలో ఉంటూ ఈగల మీద పనిచేశాడు. జీతమిచ్చే ల్యాబ్ లేనంత మాత్రాన ఈ పని చేయలేమనుకునే పిల్లలకి నేను ఆయన పేరే చెప్తాను. తర్వాత 1987లో కపూర్, గ్రేవాల్, శర్మ కలిసి భారతదేశపు పెద్దతల ఈగల మీద ఒక మోనోగ్రాఫ్ తెచ్చారు. ప్రపంచ జాతుల జాబితాని మార్క్ డి మేయర్ 1996లో కూర్చాడు. ఈ మూడూ చూశాక, ఆ తర్వాత వచ్చిన వ్యాసాలన్నీ చూడాలి. భారతదేశం దగ్గరే ఆగకండి. శ్రీలంక, నేపాల్, మయన్మార్, థాయిలాండ్, చైనా పత్రాలు కూడా. దీపపు పురుగుకి సరిహద్దు లేదు, దాని వెంట తిరిగే ఈగకీ లేదు.

పాత వర్ణనల్లో ఒక చిక్కుంది. చాలావాటిలో మగ జననాంగాల బొమ్మే ఉండదు, కొన్ని ఒక్క ఆడ ఈగని చూసి రాసినవి. "నల్లటి ఒళ్ళు, పసుపు మోకాళ్ళు" అన్న వాక్యం పట్టుకుని మీది అదో కాదో చెప్పలేరు. అప్పుడు టైపు నమూనా, అంటే ఆ పేరు పెట్టినప్పుడు ఆధారంగా తీసుకున్న అసలు ఈగనే చూడాల్సిందే. అది ఏ మ్యూజియంలో ఉందో పాత వర్ణనలో చూసి, అక్కడి క్యూరేటర్‌కి మర్యాదగా రాసి, మీ బొమ్మలు జతచేసి ఫలానా భాగం ఫోటో కావాలని అడగండి. జవాబు నెలల తర్వాత రావచ్చు. దానికి టెన్షన్ పడి ముందే ప్రచురించకండి.

డి.ఎన్.ఏ. బార్‌కోడ్ చేయించగలిగితే చేయించండి. అంటే జాతిని గుర్తుపట్టడానికి చదివే, సి.ఓ.ఐ. జన్యువులో 658 అక్షరాల ముక్క. దానితో పెద్ద లాభం మగనీ ఆడనీ జత కలపడం, పురుగు లోపలున్న లార్వా ఏ జాతిదో చెప్పడం. ఒక్క బార్‌కోడ్ తేడా చూపించి కొత్త జాతి అనేయడం నాకు నచ్చదు, పోల్చడానికి మన ప్రాంతం సీక్వెన్సులు డేటాబేసుల్లో ఉండకపోతే ఆ తేడాకి అర్థమే లేదు.

అలాగే ఒక్క మగ ఈగతో జాతి ప్రకటించడం నియమాల ప్రకారం చెల్లుతుంది, అయినా చేయకండి. వేరే పొలం నుంచి, వేరే నెల నుంచి ఇంకొన్ని మగవి తెచ్చి అదే ఆకారం మళ్ళీ కనబడుతుందో లేదో చూడండి.

రాయడం

జంతువుల పేర్లకి అంతర్జాతీయ నియమావళి ఉంది, ఇప్పుడు అమల్లో ఉన్నది 1999లో వచ్చిన నాలుగో కూర్పు. అది అడిగేవి కొన్నే, వాటిలో ఒక్కటి తప్పినా పేరు చెల్లదు. ఇది కొత్త జాతి అని పేరు పక్కనే స్పష్టంగా చెప్పాలి. వేరే జాతుల నుంచి తేడా చూపించే లక్షణాలు రాయాలి. ఒక నమూనాని హోలోటైపుగా, అంటే ఆ పేరుకి ఆధారంగా నిలిచే ఒకే ఒక్క నమూనాగా ఎంచి, అది ఏ సంస్థలో ఉందో, ఉంచబోతున్నారో చెప్పాలి. పత్రిక ఆన్‌లైన్‌లో మాత్రమే వచ్చేదైతే ఆ ప్రచురణ ముందే జూబ్యాంక్ అనే జంతువుల పేర్ల ఆన్‌లైన్ రిజిస్టరులో నమోదై, ఆ సంగతి ప్రచురణలోనే కనబడాలి. ఈ వెసులుబాటు 2012 నుంచి ఉంది.

వర్ణనకన్నా ముందు భేద నిర్ధారణ పేరా రాసుకోండి, ఇంగ్లీషు వ్యాసాల్లో డయాగ్నోసిస్ అంటారే, అది. "ఈ జాతి ఫలానా జాతికి దగ్గర, కానీ కుడి సర్‌స్టైలస్ కొస లోపలికి వంగి ఉంటుంది, దానిలో నిటారుగా ఉంటుంది" అన్నట్టు. నాలుగు వాక్యాల్లో ఆ తేడా చెప్పలేకపోతే పని ఇంకా పూర్తి కాలేదన్నమాట, మళ్ళీ మైక్రోస్కోప్ దగ్గరికి వెళ్ళండి. వర్ణన తల నుంచి మొదలుపెట్టి ఉరం, రెక్కలు, కాళ్ళు, ఉదరం, జననాంగాలు అనే వరుసలో, ప్రతి కొలతకీ కనిష్ఠం, గరిష్ఠం రెండూ ఇస్తూ. ఫోటోల్లో స్కేలు గీత తప్పనిసరి. చివర ఆ ప్రజాతిలో మన దేశపు జాతులన్నిటికీ గుర్తింపు తాళంచెవి, అంటే ఒక్కో లక్షణం చూసుకుంటూ జాతి పేరు దాకా వెళ్ళే పట్టిక ఇస్తే తర్వాత వచ్చేవాళ్ళు మీకు దండం పెడతారు.

పేరు

లాటిన్ అక్షరాల్లోనే ఉండాలి, అంకెలూ గుర్తులూ కుదరవు. ఊరి పేరు పెట్టాలంటే చివర ఎన్సిస్ చేర్చవచ్చు, శ్రీకాకులమెన్సిస్ అన్నట్టు, ల, ళ తేడా అందులో ఎలాగూ కనబడదు. వంశధార, నాగావళి లాంటి పేర్లని ఉన్నదున్నట్టు నామవాచకంగా కూడా వాడవచ్చు. మనిషి పేరైతే మగవారికి ఐ, ఆడవారికి ఏఈ అక్షరాలు చివర చేరతాయి. విశేషణం పెడితే ప్రజాతి పేరు లింగానికి తగ్గట్టు మారాలి, టోమోస్వర్యెల్లా స్త్రీలింగం, యూడోరైలస్ పుంలింగం. అదే ప్రజాతిలో ఆ పేరు ఇప్పటికే ఉందేమో చూడటం మరచిపోవద్దు. తన పేరు తనే పెట్టుకోవడం ఎవరూ చేయరు, మీరూ చేయకండి. నాకైతే ఊరి పేరే ఇష్టం.

చట్టం, నమూనా అప్పగింత, పత్రిక

2002 జీవవైవిధ్య చట్టం 39వ సెక్షన్ ప్రకారం కొత్త జాతి కనుక్కున్నవారు ప్రభుత్వం గుర్తించిన భాండాగారానికి తెలియజేసి నమూనాలు అక్కడ అప్పగించాలి. 1916లో ఏర్పడిన జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా, బెంగళూరులోని వ్యవసాయ కీటక వనరుల జాతీయ బ్యూరో అలాంటివే. హోలోటైపు ఇంట్లో, కాలేజీ బీరువాలో ఉండకూడదు. ఉత్తరాంధ్ర తేమకి బూజు పట్టడానికి ఒక్క వానాకాలం చాలు. విదేశీ నిపుణుడికి నమూనా పంపాలంటే పోస్టు చేసే ముందే నేషనల్ బయోడైవర్సిటీ అథారిటీ నిబంధనలు చూసుకోండి.

పత్రికల్లో జూటాక్సా, జూకీస్, కోయంబత్తూరు నుంచి వచ్చే జర్నల్ ఆఫ్ థ్రెటెన్డ్ టాక్సా లాంటివి చూడండి. డబ్బు కట్టిన వారంలో వేసేస్తామనే పత్రికల జోలికి వెళ్ళవద్దు. తప్పు పేరు ఒకసారి అచ్చయ్యాక దాన్ని సరిదిద్దడానికి ఇంకొకరి సంవత్సరాలు ఖర్చవుతాయి. సమీక్షకులు బొమ్మలు మళ్ళీ గీయమంటే గీయండి, వాళ్ళు చాలాసార్లు సరిగ్గానే చెప్తారు.

వ్యాసం అచ్చయ్యాక ఒక ప్రింటు ఆ పొలం రైతుకి ఇవ్వండి, ఫోటో ఉన్న పేజీ పైన పెట్టి, వాళ్ళ ఊరి పేరు ఎక్కడుందో చూపించండి. ఆడ ఈగ ఇంకా దొరకలేదని మీ వ్యాసంలో రాసి ఉంటే, వచ్చే సెప్టెంబరులో ఏ గట్టు మీద ఉబ్బిన దీపపు పురుగులు ఎక్కువ ఉంటాయో అప్పుడే ఆయన్నే అడిగి రాసుకోండి.